గుండె మీద దెబ్బ

పరగోడు ఊళ్ళో మునిశామప్ప కొడుకు మునినారాయణ శెనక్కాయల కళ్ళంలో పరుగెత్తుతూ పడి చచ్చిపోయినప్పుడు వాడికి ఆరేళ్ళు. పుట్టు చెవుడు, మాట రాదు. వాడు పడిపోతే తోటి పిల్లలు అదీ ఆటే అనుకుని వాడి మీదుగా దూకుతూ కుప్ప చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. తల్లి అక్కయమ్మ వచ్చి వెల్లకిలా తిప్పేసరికి పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగి ఉన్నాయి. పాము కరిచిందన్నారు. ఒళ్ళంతా వెతికినా గాటు కనబడలేదు. గాలి సోకిందన్నారు. ఆ తర్వాత చెవిటి పిల్లవాడే గదా అన్నట్టు ఊరుకున్నారు.

వాడికి పైన మునిరత్నమ్మ, కింద హనుమక్క. పెద్దదానికి చెవులు, మాట అన్నీ బాగున్నాయి. చిన్నది మళ్ళీ చెవిటిదే. కానీ మహా చురుకు. ఊళ్ళో ఎవరు ఎట్లా నడుస్తారో నడిచి చూపించేది. మేష్ట్రు పంచె ఎత్తి పట్టుకుని బురద దాటడం, రెడ్డమ్మ అవ్వ తుమ్మబోయి ఆగిపోవడం, తండ్రి మీసం దువ్వుకుంటూ ఎద్దుల బేరం చేయడం. మునిశామప్ప కూడా నవ్వు ఆపుకోలేక తలగుడ్డతో మూతి కప్పుకునేవాడు. అమ్మను పిలవాలంటే వచ్చి వీపు మీద అరచెయ్యి ఆనించేది. అక్కయమ్మ పొయ్యి దగ్గర ఎంత పనిలో ఉన్నా ఆ చెయ్యి తగిలితే వెనక్కి తిరిగేది.

నాలుగేళ్ళు నిండాక హనుమక్కా పడటం మొదలుపెట్టింది. గట్టిగా ఏడ్చినా, పరుగెత్తినా, కుక్క మీదికి వచ్చినా ఒక్కసారిగా తెల్లబడి కూలిపోయేది. కాసేపటికి తనకు తానే లేచి, ఏం జరిగిందో తెలియక చుట్టూ చూసేది. మూర్ఛ అన్నారు. సోమేనహళ్ళి నుంచి ఒక మంత్రగాణ్ణి పిలిపించారు. అతను కొడవలి ఎర్రగా కాల్చి పొట్ట మీద వాతలు పెట్టాలన్నాడు. తండ్రి కాళ్ళు పట్టుకున్నాడు, అక్కయమ్మ చేతులు పట్టుకుంది. రెండో వాతకే పిల్ల కెవ్వున అరిచి అక్కడే పడిపోయింది. మంత్రగాడు సంతోషంగా, "చూడప్పా, దయ్యము పోతాండాది" అన్నాడు. అక్కయమ్మ పిల్లను ఎత్తుకుని ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది.

బాగేపల్లిలో డాక్టరు మూర్ఛకు మాత్రలిచ్చాడు. వాటితో పిల్ల మగతగా ఉండేది గాని పడటం మానలేదు. చివరికి ఆయనే విసిగి బెంగుళూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. మునిశామప్పకు పొలం పని. అక్కయమ్మే పిల్లను తీసుకుని బస్సెక్కింది.

అక్కడ చూసింది ఒక డాక్టరమ్మ. కన్నడంలో మొదలుపెట్టినా, పుట్టింది చిక్కబళ్ళాపురంలో కాబట్టి అక్కయమ్మ మాట విని తెలుగులోకి వచ్చింది. పిల్ల ఎదురొమ్ముకు, చేతులకు, కాళ్ళకు తీగలు తగిలించి మిషన్‌లోంచి పొడుగ్గా వస్తున్న కాగితం చూస్తూ అడిగింది.

"ఇంట్లో చెవిటి బిడ్డ ఇంకెవరైనా ఉండారా?"

"కొడుకమ్మా. వాడు పొయ్యినాడు."

"ఎట్లా పోయినాడు?"

"పరుగెత్తుతా పడినాడు. మళ్ళా లెయ్యలేదు."

డాక్టరమ్మ కాగితం బల్ల మీద పెట్టింది. "నీ మొగుడు నీకు ఏమవుతాడు?"

"మామ. మా అమ్మకు సొంత తమ్ముడు."

డాక్టరమ్మ పిల్ల వైపు చూసింది. హనుమక్క అప్పటికే డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకోవడం నేర్చుకుని చేసి చూపిస్తోంది.

"ఇది మూర్ఛ గాదు, దయ్యమూ గాదు. పుట్టు చెవుడుతో కలిసి వచ్చే గుండె జబ్బు" అంది డాక్టరమ్మ. "మీ పొలంలో నీళ్ళ మోటారు ఉండాదా?"

"పోయినేడే పెట్టించినారు."

"కరెంటు సరిగా రాకపోతే మోటారు తిరగకుండా గుర్రుమని వణుకుతుంది, నీళ్ళు రావు. చూసినావు గదా? గుండెకూ తన కరెంటు ఉంటుంది. ఒకసారి కొట్టుకున్నాక మళ్ళీ సిద్ధం కావాలంటే ఈ పాప గుండెకు ఎక్కువ సేపు పడుతుంది. ఆ సందులో భయమో ఏడుపో తగిలితే గుండె కొట్టుకోకుండా వణుకుతుంది. మెదడుకు నెత్తురు అందదు. పడిపోతుంది. చాలాసార్లు దానంతట అదే సర్దుకుంటుంది. ఒక్కోసారి సర్దుకోదు. నీ కొడుక్కు సర్దుకోలేదు."

అక్కయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళకు కొడుకు ఎందుకు చచ్చిపోయాడో ఒకరు చెప్పారు.

గుండె వేగాన్ని తగ్గించే మాత్ర ఒకటి విదేశాల నుంచి కొత్తగా వస్తోందని, ఆసుపత్రిలోనే దొరుకుతుందని, ఒక్క పూట కూడా మానకూడదని డాక్టరమ్మ చెప్పింది. తర్వాత అక్కయమ్మ కుడిచేతిని తీసుకుని పిడికిలి మూయించి, పిల్ల ఎదురొమ్ము నడుమ ఎముక మీద ఆనించింది.

"పడితే చూడు. ఊపిరి లేక, నాడి లేక, నీలంగా తిరిగిందంటే ఈడ గట్టిగా గుద్దు. రాకుంటే రెండు అరచేతులూ పెట్టి అదుముతా ఉండు. ఆపొద్దు."

"బిడ్డను గుద్దేదెట్లమ్మా?"

"ఎముక విరిగితే అతుకుతుంది. గుద్దకుంటే బిడ్డ దక్కదు. గుద్దినా దక్కుతుందని నేను మాట ఇయ్యలేను. నా చేతిలో ఉండేది ఇంతే."

లేవబోతుంటే ఆపి ఇంకో మాట చెప్పింది. "ఇది మీ ఇద్దరి దగ్గర నుంచీ వచ్చింది. ఒకరి దగ్గరే ఉంటే బిడ్డకు ఇట్లా కాదు. అందుకే మీరిద్దరూ బాగుండారు. ఇద్దరి దగ్గరా వచ్చిన బిడ్డే ఇట్లా అవుతుంది. సొంతంలో చేసుకుంటే అది కలిసే భయం ఎక్కువ. పెద్ద పాపను మీ రక్తంలో మాత్రం ఇయ్యొద్దు."

అక్కయమ్మ ఊరికి వచ్చి అన్నీ చెప్పింది. మునిశామప్ప మాత్రల సంగతి వరకు తలూపాడు. రక్తం సంగతి రాగానే లేచి నిలబడ్డాడు.

"మా వంశంలో జబ్బా? నీ నోట్లోంచి ఆ మాట బయట యాడన్నా పడిందంటే చూడు."

"నీ వంశము నా వంశము వేరేనా మామా? నీ అక్క కడుపులోనే గదా నేను పుట్టింది."

"అందుకే నోరు మూసుకో అంటాండా."

మాత్ర పని చేసింది. హనుమక్క పడటం దాదాపు ఆగిపోయింది. ఒకే ఒకసారి, చెరకు తోట గట్టు మీద మేకపిల్ల వెంట పరుగెత్తి కూలిపోయింది. దగ్గర అక్కయమ్మ తప్ప ఎవరూ లేరు. ముక్కు దగ్గర వేలు పెడితే ఊపిరి తగల్లేదు. పెదాల రంగు మారింది. అక్కయమ్మ కళ్ళు మూసుకుని పిడికిలి ఎత్తి గుద్దింది. చేతికింద ఏదో కటుక్కుమంది. ఇంకోసారి గుద్దింది. పిల్ల పెద్దగా ఊపిరి లాగి దగ్గి, తల్లి మొహం చూసి, ఎందుకు కొట్టావన్నట్టు ఎదురొమ్ము పట్టుకుని ఏడ్చింది. అక్కయమ్మ మట్టిలో కూర్చుని ఆ పిల్ల కాళ్ళు పట్టుకుని తనూ ఏడ్చింది.

మొగుడికి చెబితే నమ్మలేదు. "ముందు పడినప్పుడల్లా దానంతట అదే లేస్తాండె గదా. నువ్వు గుద్దినందుకే లేచిందా?" అన్నాడు.

అరవై ఏడో సంవత్సరం కోతలయ్యాక సంబంధం మాట వచ్చింది. అక్కయమ్మ అన్న లక్ష్మణప్పకు చింతామణిలో శెనక్కాయల మండీ ఉంది. ఆయన కొడుకు ఆంజనేయప్పకు మునిరత్నమ్మను ఇవ్వాలని ఆమె పుట్టినప్పుడే అనుకున్నారు. ఆ పిల్లకూ అతని మీద మనసుంది. అతను వచ్చిపోయినప్పుడల్లా ఇంట్లోంచి కదలక, పోయాక వీధి చివరి దాకా చూస్తూ నిలబడేది.

అక్కయమ్మ వద్దంది. మొగుడితో చెప్పింది, తిట్టాడు. చింతామణికి పోయి అన్నతో చెప్పింది.

లక్ష్మణప్ప మండీలో మూటల మీద కూర్చుని విన్నాడు. "అక్కయ్యా, నా కొడుకు ఎద్దు మాదిరి ఉండాడు. నీ కూతురు బంగారు మాదిరి ఉండాది. వాళ్ళకు జబ్బేందే?"

"మేమూ బాగానే ఉంటిమి గదన్నా."

"బెంగుళూరులో ఎవరో ఒకామె చెప్పిందని తాతల కాలము నుంచి వస్తాండేది మానుకోవల్లనా? ఈ మాట బయటికి పోతే నా మిగతా బిడ్డలను ఎవరు చేసుకుంటారు? ఆలోచన చేసినావా?"

కూతురితోనూ చెప్పి చూసింది. మునిరత్నమ్మ వడ్లు చెరుగుతూ తలెత్తకుండా, "నాకు చెవిటి బిడ్డ పుడితే నేను సాక్కుంటాలే. నువ్వు సాకలేదా?" అంది. చచ్చిపోయిన వాడి సంగతి అక్కయమ్మ ఎత్తలేకపోయింది.

తాంబూలాలకు రోజు పెట్టారు. ఆ వారమే మాత్రలు అయిపోవచ్చాయి. అక్కయమ్మ బెంగుళూరు పోయి వస్తానంది. మునిశామప్ప ఒప్పుకోలేదు.

"ఇప్పుడు నువ్వు ఆస్పత్రికి పోతే వాళ్ళకు ఏమని చెప్పల్ల? తాంబూలాలు అయినాక పో. పిల్ల గుండ్రాయి మాదిరి ఉండాది. నాలుగు పూటలు లేకపోతే ఏమవుతాది?"

"ఒక్క పూట కూడా మానొద్దనింది మామా."

"అన్నీ ఆమె చెప్పినట్లేనా? ఈ ఇంటికి యజమాని నేనా, ఆమెనా?"

అక్కయమ్మ ఉన్న మాత్రలు సగానికి విరిచి వేసింది. తర్వాత ఆ సగాలూ అయిపోయాయి.

తాంబూలాల పూట చింతామణి బళ్ళు వచ్చి వాకిట్లో ఆగాయి. హనుమక్క కొత్త పావడా కట్టుకుని వచ్చినవాళ్ళ నడకలన్నీ చేసి చూపిస్తూ అందరినీ నవ్విస్తోంది. లక్ష్మణప్ప తొడల మీద తాళం వేస్తూ నవ్వుతున్నాడు. అంతలో బండికి కట్టిన కోడె ఒకటి ఎవరో కాల్చిన టపాకాయకు బెదిరి పలుపు తెంచుకుంది. అందరూ అరుస్తూ పక్కకు తప్పుకున్నారు. ఆ అరుపు హనుమక్కకు వినపడదు. తిరిగి చూసేసరికి కోడె మొహం మీదికి వచ్చేసింది. ఎవరో పలుపు పట్టి లాగేశారు. కోడె ఆమెను తాకను కూడా లేదు. హనుమక్క నిలబడ్డది నిలబడ్డట్టే తెల్లబడి, ముగ్గు మీద కూలిపోయింది.

అక్కయమ్మ చేతిలోని పళ్ళెం వదిలేసి పరుగెత్తింది. ఊపిరి లేదు. పావడా తాడు వదులు చేసింది. మెడ కింద వేలు పెట్టింది, ఏమీ లేదు. పెదాలు నీలమవుతున్నాయి. పిడికిలి ఎత్తి ఎదురొమ్ము మీద గుద్దింది.

"అయ్యయ్యో, పడిన బిడ్డను కొడతాండాది!" అని వదినె అరిచింది.

అక్కయమ్మ మళ్ళీ గుద్దింది. రెండు అరచేతులూ పెట్టి అదమటం మొదలుపెట్టింది. నాలుగైదు సార్లు అదిమిందో లేదో వెనక నుంచి లక్ష్మణప్ప ఆమె రెండు రెక్కలూ పట్టి లాగాడు.

"పిచ్చి పట్టిందా నీకు? చంపుతావా ఏమి?"

"ఇడువన్నా! గుద్దల్ల! డాక్టరమ్మ చెప్పింది, ఇడువు! మామా, నువ్వన్నా చెప్పు! చెప్పు మామా!"

మునిశామప్ప అరుగు దగ్గర నిలబడి ఉన్నాడు. అతనికి తెలుసు. కాబోయే వియ్యంకుడి మొహం చూశాడు, చింతామణి నుంచి వచ్చిన జనాన్ని చూశాడు. తల దించుకున్నాడు.

ఆడవాళ్ళు పిల్ల మొహాన నీళ్ళు చల్లారు. చేతిలో ఇనప తాళంచెవి పెట్టారు. ఉల్లిపాయ చితగ్గొట్టి ముక్కు దగ్గర పెట్టారు. అక్కయమ్మ పెనుగులాడుతూ, అన్న చెయ్యి కొరికి, మోకాళ్ళ మీద దేకుతూ పోబోయి, మళ్ళీ పట్టుబడింది. ఆమెను వదిలేసరికి పిల్ల ఒళ్ళు చల్లబడిపోయింది.

హనుమక్కను కడిగేటప్పుడు ఎదురొమ్ము మీద కమిలిన మచ్చ అందరికీ కనబడింది. సాయంత్రానికి మాట ఊరు దాటింది. పెద్ద కూతురు పెళ్ళికి అడ్డమని చెవిటిదాన్ని తల్లే గుద్ది చంపిందట. సంబంధం ఇష్టం లేక కోపంలో చంపిందని ఇంకొందరు. ఊరి పెద్ద, పటేలు చెన్నరాయప్ప వచ్చి చూసి, మూర్ఛ పిల్లే గదా, బాగేపల్లి ఠాణా దాకా పోయే పని లేదన్నాడు. పోయిన మేకకైనా ఫిర్యాదు చేసే ఊళ్ళో హనుమక్క కోసం ఎవరూ గడప దాటలేదు.

దినాలు అయ్యాక పెద్దలు మునిశామప్ప ఇంట్లోనే కూర్చున్నారు. లక్ష్మణప్ప చెప్పేశాడు.

"కన్నబిడ్డను గుద్ది చంపిన దాని కూతురిని నేను ఇంటికి తెచ్చుకోను. చెల్లెలైతే ఏమి, ఎవరైతే ఏమి."

ఆరోజు నోరు విప్పని మునిశామప్ప ఇప్పుడు గబగబా మాట్లాడాడు.

"అట్లంటే ఎట్ల లక్ష్మణప్పా? అది చంపలేదు. బెంగుళూరు డాక్టరమ్మ అట్ల చెయ్యమని చెప్పింది. గుండెకు మంచిదంట. కావల్లంటే అందరము పోయి ఆమెనే అడుగుదాము. బస్సు చార్జీ నేను పెట్టుకుంటా."

లక్ష్మణప్ప మొహంలో ఏదో మెత్తబడింది. "నిజమా అక్కయ్యా?" అన్నాడు. చెల్లెలి మీద ప్రేమ లేనివాడు కాదు. అవునంటే నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు.

తలుపు చాటున మునిరత్నమ్మ ఉంది. అక్కయమ్మకు ఆమె పావడా అంచు కనబడుతోంది. తాను అవునంటే ఈ మచ్చ పోతుంది. అన్న దగ్గరవుతాడు. రేపో ఎల్లుండో మళ్ళీ తాంబూలాలు పెడతారు. ఆ తర్వాత ఏదో ఒక కళ్ళంలో, ఏదో ఒక వాకిట్లో ఇంకో బిడ్డ పడుతుంది.

"డాక్టరమ్మ ఏమీ చెప్పలేదన్నా" అంది అక్కయమ్మ. "నేనే కొట్టినా. నాకు కోపమొచ్చింది, కొట్టినా."

మునిశామప్ప "ఏమే!" అని లేచి ఆమె చెంప మీద కొట్టాడు. లక్ష్మణప్ప కండువా దులుపుకుని బయటికి నడిచాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

మొగుడు ఆ తర్వాత ఆమె చేతి కూడు తినలేదు. ఆమె పొయ్యి పక్కనే ఇంకో పొయ్యి పెట్టి, ఊళ్ళోనే ఉన్న తన చెల్లెలితో వండించుకున్నాడు. మాత్రల సంగతి, తాను తల దించుకున్న సంగతి అతనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. బహుశా ఆమె ఒప్పుకోలు అతనికి కొంత సుఖంగానే ఉండి ఉంటుంది.

మునిరత్నమ్మకు మాత్రం అక్కయమ్మ నిజం చెప్పింది. కూతురికైనా తెలియాలనుకుంది. మునిరత్నమ్మ అంతా విన్నది.

"అయితే నువ్వు దాన్ని చంపలేదు."

"లేదమ్మా."

"నా పెండ్లి చెడగొట్టేదానికి చంపినా అని చెప్పినావు."

"నీ కడుపున పుట్టేవాళ్ళ కోసరము చెప్పినా."

"కోపంలో కొట్టింటే నేను మరిచిపొయ్యేదాన్ని అమ్మా" అంది మునిరత్నమ్మ. "ఆలోచన చేసి చేసినావు. నా బతుకును కూర్చుని, ఆలోచన చేసి, ఇరిచినావు." ఆ తర్వాత ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళు అమ్మా అని పిలవలేదు.

తల్లి మీద అంత మచ్చ పడ్డాక మంచి సంబంధాలు ఎక్కడ వస్తాయి? చివరికి జంగమకోటె నుంచి తిమ్మరాయప్ప అనే రెండో పెళ్ళివాడు వచ్చాడు. పట్టుగూళ్ళు ఉడకబెట్టి పట్టు తీసే బట్టీ ఉంది. మునిరత్నమ్మ కంటే చాలా పెద్ద. తమతో ఏ పక్క నుంచీ చుట్టరికం లేదు. అక్కయమ్మ నాలుగు తరాల దాకా అడిగి తెలుసుకుంది. అదొక్కటే ఆమె చూసింది. ఆంజనేయప్పకు వాళ్ళమ్మ తరపు పిల్లనే చేశారు. ఏడాది తిరగకుండా చెవులు వినే కొడుకు పుట్టాడు. చింతామణి సంతకు పోయివచ్చిన ప్రతివాళ్ళూ ఆ వార్త పరగోడుకు మోసుకొచ్చారు.

మునిరత్నమ్మ నెల తప్పిందని తెలిసినప్పుడు అక్కయమ్మ బెంగుళూరు పోయింది. డాక్టరమ్మ ఆమెను గుర్తుపట్టి, పక్కన పిల్ల లేకపోవడం చూసి, కుర్చీ చూపించింది. అక్కయమ్మ జరిగింది చెప్పింది. చివర రెండు ప్రశ్నలు అడిగింది.

"నన్ను లాగకుండా ఉంటే నా బిడ్డ బతికేదా?"

"తెలియదమ్మా. బతికేదేమో. మాత్రలు ఆపకుండా ఉంటే పడేదే కాదేమో."

"ఆంజనేయప్పకు ఇచ్చింటే నా కూతురి బిడ్డలకు ఇట్ల అయ్యేదా?"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "అతనిలో ఆ దోషం ఉందో లేదో కనుక్కునే దారి మా దగ్గర లేదు. ఉంటే అయ్యేది. లేకుంటే అయ్యేది కాదు. అందరు బిడ్డలూ బాగానే పుట్టేవాళ్ళేమో కూడా. భయం ఉందని మాత్రమే నేను చెప్పగలిగింది."

"అంతేనా అమ్మా?"

"అంతే."

అక్కయమ్మ నమస్కారం పెట్టి వచ్చేసింది.

మునిరత్నమ్మకు ఆడపిల్ల పుట్టింది. నామకరణానికి పిలుపు రాలేదు. అక్కయమ్మ పిలవకుండానే జంగమకోటెకు పోయింది. కూతురు ఎదురు రాలేదు. అల్లుడు తిమ్మరాయప్ప మర్యాదస్థుడు. "ఎండన పడి వచ్చినావు, కూర్చో అత్తా" అని బట్టీ పక్క నీడలో చాప వేసి, పసిపిల్లను తెచ్చి ఒళ్ళో పెట్టాడు.

పిల్ల నిద్రపోతోంది. అక్కయమ్మ ఆ చెవుల వైపే చూస్తూ కూర్చుంది. చప్పట్లు కొట్టి చూడాలనిపించింది. చేతులు రాలేదు. అంతలో బట్టీలో ఎవరో రాగి అండా కిందపడేశారు. పసిపిల్ల ఒళ్ళంతా ఉలిక్కిపడి, చేతులు విసిరి, క్యారుమని ఏడ్చింది. అక్కయమ్మ బిగబట్టిన ఊపిరి వదిలి, కన్నీళ్ళు కారుతుండగానే నవ్వేసింది.

మునిరత్నమ్మ గడపలోకి వచ్చింది. "బిడ్డ ఏడుస్తాంటే ఎందుకు నగుతాండావు?"

"వినబడుతాండాది. పాపకు చెవులు వినబడుతాండాయి అమ్మా."

మునిరత్నమ్మ వచ్చి పిల్లను లాక్కుంది. గుండెకు అదుముకుని, "వినబడకుంటే దీన్నీ గుద్దుతాంటివా?" అంది.

బట్టీ దగ్గర పనివాళ్ళు చేతులు ఆపి చూస్తున్నారు. అక్కయమ్మ చాప మడిచి గోడకు ఆనించింది. లోపల పిల్ల ఇంకా ఏడుస్తూనే ఉంది. చింతామణి మీదుగా పోయే బస్సు దొరికితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చని అడిగి తెలుసుకుని, దారి పట్టింది.